చెంచుల ఆచార న్యాయం

'''చెంచుల ఆచార న్యాయం''' అనగా నల్లమల అడవులలో నివసించు చెంచు జాతివారు వివాహము, వారసత్వము, అటవీ వనరుల వినియోగము, తగవుల పరిష్కారము మొదలగు విషయములలో తరతరాలుగా పాటించుచున్న కట్టుబాట్ల సముదాయం. ఇది వ్రాతలో లేదు. పెద్దల జ్ఞాపకంలోను, గూడెం సమక్షంలో చెప్పిన తీర్పులలోను నిలిచియున్నది. దీనికి అర్థం చెప్పు అధికారం చెంచులదా, లేక బయటి పండితులు, అధికారులు, న్యాయస్థానాలదా అనునది వలస పాలన నాటి నుండి కొనసాగుచున్న ప్రశ్న.

'''ప్రాంతము, ప్రజలు'''

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో కృష్ణానదికి ఇరువైపులా వ్యాపించిన నల్లమల చెంచుల ప్రధాన నివాసం. నంద్యాల జిల్లాలోని రుద్రవరం, ఆళ్లగడ్డ మండలాలు ఈ అడవికి పడమటి అంచున ఉన్నవి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడుటకు పూర్వం ఈ మండలాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. చెంచుల నివాసాలను గూడేలు అని, లోపలి అడవిలో పెంటలు అని పిలుస్తారు. చెంచులు షెడ్యూల్డు తెగగా, అందులోను ప్రత్యేకించి దుర్బలమైన గిరిజన సమూహంగా గుర్తింపబడినారు. వీరి మాతృభాష తెలుగు. భాషలోను, కొన్ని పూజలలోను పొరుగువారితో పోలిక ఉండుట వలన చెంచులకు వేరే న్యాయమేమీ లేదని బయటివారు భావించుట సులభమైనది.

'''కట్టుబాట్ల స్వరూపం'''

చెంచులలో నిమ్మల, తోకల, కాట్రాజు వంటి ఇంటిపేర్లు కలవు. ఒకే ఇంటిపేరు గలవారు పెండ్లి చేసుకొనరాదు. కొన్ని ఇంటిపేర్లవారు పరస్పరం అన్నదమ్ముల వరుస అగుట వలన వారి మధ్య కూడ సంబంధం కలుపుకొనరు. మేనరికం సమ్మతమే. విడిపోవుట, వితంతువు మరల పెండ్లాడుట కట్టుబాటుకు విరుద్ధం కాదు.

అడవి విషయంలో ఒక్కొక్క సమూహమునకు తాను తిరుగాడు మేర ఉండును. వాగులు, గుట్టలు, బండలు దాని హద్దులు. ఈ మేరలో గడ్డలు, పండ్లు, తేనె, జిగురు సేకరించు హక్కు ఆ సమూహములోని వారందరిదీ. పెండ్లి ద్వారా వచ్చినవారికి కూడ అందులో పాలు లభించును. కనుక ఇది అమ్ముటకు, తాకట్టు పెట్టుటకు వీలున్న ఆస్తి కాదు. చుట్టరికంతో ముడిపడిన అనుభవ హక్కు. కొండచరియల నుండి తేనె తీయునపుడు పైన తాడు కాపాడు బాధ్యత సంప్రదాయంగా బావమరిదికి అప్పగింతురు. తన తోబుట్టువు పసుపు కుంకుమలు ఆ తాడుపై ఆధారపడి ఉన్నవి గనుక అతడు ఏమరుపాటు చూపడని నమ్మకం.

తగవులను పెద్దమనిషి, ఇతర పెద్దలు కూడి అందరి ఎదుట విచారించి, తప్పు కట్టించి పరిష్కరించెదరు. శిక్షించుట కన్న ఉభయులను మరల కలుపుట వీటి లక్ష్యం.

'''గ్రంథస్థం అయినపుడు'''

ఆస్ట్రియాలో జన్మించిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ 1940లో హైదరాబాదు సంస్థానంలోని చెంచుల మధ్య నివసించి, వారిపై వ్రాసిన గ్రంథాన్ని 1943లో ప్రచురించెను. చెంచుల గురించి నేటికీ ఎక్కువగా ఉదహరింపబడు గ్రంథమిదే. చెంచులకు అడవిపై గల అనుబంధాన్ని పాలకులకు తెలియజేయుటలో ఇది తోడ్పడినది. అయితే ఇది ముఖ్యంగా కృష్ణకు ఉత్తరాన ఉన్న అమ్రాబాదు పీఠభూమికి, ఆ కాలానికి చెందిన వర్ణన. నదికి దక్షిణాన మద్రాసు రాష్ట్రపు పాలనలో, మైదాన గ్రామాల చేరువలో బ్రతికిన చెంచుల ఆచారమును దీనితో మాత్రమే కొలుచుట సరికాదు. పెద్దల నోట ఉన్న కట్టుబాటు పరిస్థితిని బట్టి మారగలదు, పుస్తకమునకెక్కినది మారదు. అందువలన మారిన ఆచారమును చూచి "ఇది అసలైన ఆచారం కాదు" అని బయటివారు అనుటకు అవకాశం ఏర్పడును.

'''అహోబిలం కథ'''

ఆళ్లగడ్డ మండలంలోని అహోబిలం నరసింహస్వామి చెంచుల ఆడపడుచును పెండ్లాడినాడని ప్రతీతి. వైష్ణవ సంప్రదాయం చెంచులక్ష్మిని లక్ష్మీదేవి అవతారంగా చెప్పును. ఇదే కథ 1943లోను, 1958లోను ''చెంచులక్ష్మి'' పేరుతో చలనచిత్రంగా వచ్చినది. చెంచులకు స్వామి అల్లుడు, బావ. ఆ వరుసను బట్టి వారికి ఉత్సవంలో స్థానం, మర్యాద ఉన్నవి. సంక్రాంతి తరువాత జరుగు పారువేటలో స్వామి పల్లకి చుట్టుపక్కల గ్రామాలకు తరలును. అందులో చెంచులు విల్లంబులతో పాల్గొందురు. అవతార కథగా చూచినపుడు ఇది భక్తి మాత్రమే. చుట్టరికంగా చూచినపుడు ఇచ్చిపుచ్చుకొనవలసిన బాధ్యతలు కూడ ఉన్న సంబంధం.

'''న్యాయస్థానాలలో'''

భారత రాజ్యాంగం 13వ అధికరణం "చట్టం" అను పదంలో చట్టబలం గల ఆచారమును కూడ చేర్చినది. హిందూ వివాహ చట్టం (1955), హిందూ వారసత్వ చట్టం (1956) కేంద్రప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించిననే తప్ప షెడ్యూల్డు తెగలకు వర్తించవు. అయినను 2000లో లబీశ్వర్ మాంఝీ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, హిందూ ఆచారములను పాటించుచున్నట్లు ఆధారాలున్నవని, ఒక సంతాలు కుటుంబమునకు హిందూ వారసత్వ చట్టం వర్తించునని తీర్పు చెప్పినది. పోలికను బట్టి ఆచారం తొలగిపోవుటకు ఇది ఉదాహరణ. పొరుగువారి భాష మాట్లాడుచు, నరసింహుని పూజించు చెంచుల వంటివారికి ఈ తర్కం ముఖ్యమైనది.

ఆచారమును కాపాడుట పేరుతో స్త్రీలకు అన్యాయం జరుగవచ్చునన్న అభ్యంతరం కూడ బలమైనదే. 2025 జులైలో రామ్ చరణ్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఒక గోండు స్త్రీ వారసులకు ఆమె తండ్రి ఆస్తిలో సమాన వాటా ఉన్నదని తీర్పునిచ్చెను. స్త్రీకి వాటా ఇచ్చు ఆచారం ఉన్నదని నిరూపించమని క్రింది కోర్టులు అడుగగా, ఇవ్వరాదను ఆచారం కూడ నిరూపితం కాలేదని సుప్రీంకోర్టు ఎత్తిచూపినది. అనగా నిషేధమును ముందే ఊహించుకొనుట కూడ బయటివారి అన్వయమే.

'''అటవీ చట్టాలు'''

1882 మద్రాసు అటవీ చట్టం క్రింద అడవులు రిజర్వు చేయబడినపుడు, చెంచుల హక్కులు ప్రభుత్వం దయతో ఇచ్చు రాయితీలుగా మారినవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించినది. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం ప్రాంతం పులుల సంరక్షణ పథకంలో చేరినది.

1996 నాటి పెసా చట్టం, రాష్ట్ర పంచాయతీ చట్టాలు గిరిజనుల ఆచార న్యాయమునకు అనుగుణంగా ఉండవలెనని, ఆచారబద్ధమైన తగవుల పరిష్కార పద్ధతిని గ్రామసభ కాపాడవచ్చునని చెప్పినది. కాని ఇది షెడ్యూల్డు ప్రాంతాలకు మాత్రమే వర్తించును. అమ్రాబాదు వైపు చెంచు గ్రామాలు ఆ పరిధిలో ఉన్నవి. రుద్రవరం, ఆళ్లగడ్డ మండలాలు లేవు. ఒకే జాతి, ఒకే అడవి అయినను కృష్ణకు ఇరువైపులా ఆచారమునకు వేర్వేరు రక్షణ లభించుచున్నది.

2006 అటవీ హక్కుల చట్టమునకు ఈ పరిమితి లేదు. సంప్రదాయ హద్దులలోని సామూహిక వనరులపై హక్కును, ఆదిమ తెగల ఆవాస హక్కును ఇది గుర్తించినది. వేటను మాత్రం మినహాయించినది. నియమావళి ప్రకారం పెద్దల వాంగ్మూలమును వ్రాసి సాక్ష్యంగా స్వీకరింపవచ్చును. 2012 సవరణ తరువాత, ఆవాస హక్కుల విషయంలో ఆయా తెగల సంప్రదాయ వ్యవస్థలను సంప్రదించి వారికి హక్కులు అందునట్లు చూచుట జిల్లాస్థాయి కమిటీ బాధ్యత. రెవెన్యూ గ్రామంగా నమోదు కాని పాత ఆవాసాలను కూడ చట్టం గ్రామములుగా పరిగణించును. పెద్ద పంచాయతీలో అల్పసంఖ్యాకులైన గూడెంవారికి ఇది ముఖ్యం: హద్దు ఏదో చెప్పవలసినది దానిని ఎరిగినవారే.

'''ఇతర దేశాలలో'''

కెనడాలో గిట్‌క్సన్, వెట్‌సువెటెన్ జాతుల మౌఖిక చరిత్రలను 1991లో విచారణ న్యాయస్థానం స్వతంత్ర సాక్ష్యంగా లెక్కించలేదు. 1997లో డెల్గముక్ వ్యాజ్యంలో ఆ దేశపు సుప్రీంకోర్టు ఈ వైఖరిని తప్పుపట్టినది. 2002లో ఆస్ట్రేలియా హైకోర్టు యోర్టాయోర్టా జాతివారి భూమి వ్యాజ్యమును త్రోసిపుచ్చినది. ఆ వ్యాజ్యపు విచారణలో వారి నేటి మాటల కన్న 19వ శతాబ్దపు వలసదారుడు ఎడ్వర్డ్ కర్ వ్రాతలకు ఎక్కువ విలువ లభించినది. 2007 సెప్టెంబరు 13న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఆదివాసుల హక్కుల ప్రకటన, 34వ అధికరణంలో, మానవ హక్కుల ప్రమాణాలకు అనుగుణంగా తమ న్యాయ వ్యవస్థలను నిలుపుకొని, అభివృద్ధి చేసుకొను హక్కును గుర్తించినది. భారతదేశం దీనికి అనుకూలంగా ఓటు వేసినది.

'''ఇవి కూడా చూడండి'''

* చెంచులు
* నల్లమల అడవులు
* అహోబిలం
* రుద్రవరం మండలం
* అటవీ హక్కుల చట్టం, 2006