మౌంటెన్ బైకు హ్యాండిల్ ఎంత వెడల్పు ఉండాలి?

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి వైపు మన పిల్లలకు బైకు కొనేటప్పుడు గేర్లు చూస్తాం, హ్యాండిల్ వెడల్పు చూడం. భుజాలు, మణికట్ల నొప్పికి అదీ ఒక కారణమే.

పెద్దల బైకులకు సాధారణంగా 720 నుంచి 800 మిల్లీమీటర్ల హ్యాండిల్ వస్తుంది. వెడల్పుగా ఉంటే రాళ్ల దిగుడులో పట్టు చిక్కుతుంది, ఇరుకు బాటలో పొదలకు తగులుతుంది. నంది కొండ తారు రోడ్డుకు కాస్త తక్కువైనా చాలు.

దండీలు తీసేటట్టు నేలపై చేతులు ఆనించి, అరచేతుల బయటి అంచుల మధ్య దూరం కొలుద్దాం. అదే మొదటి లెక్క.

కోయించే ముందు గ్రిప్పులు, బ్రేకు లివర్లు లోపలికి జరిపి, ఖాళీ మైదానంలో తొక్కించి చూద్దాం. తర్వాత ఒక్కో వైపు 5 మిల్లీమీటర్ల చొప్పునే కోయించాలి. కోసింది మళ్లీ అతకదు. ఎదిగే పిల్లలకైతే తొందర వద్దు. చివరలకు మూతలు మరవద్దు: పడినప్పుడు తెరిచిన గొట్టం కడుపులో గుచ్చుకుంటుంది.