మెటల్ డిటెక్టరూ, శాతవాహనుల సీసమూ

పోయిన ఎండాకాలం అట్లాంటా నుంచి వస్తూ మా బావ ఒక మెటల్ డిటెక్టర్ తెచ్చాడు. అక్కడ వాళ్ళ పక్కింటాయన వారాంతాల్లో పార్కులంట తిరుగుతూ పాత నాణేలు వెతుకుతాడట. కొత్త మిషన్ కొనుక్కుని పాతది మా బావకి అంటగట్టాడు, బావ నాకు.

నేను హబ్సిగూడలో ఓ ఇంట్లో రెండో అంతస్తులో అద్దెకుంటున్నా. డబ్బా విప్పిన సాయంత్రమే డాబా ఎక్కి ఆన్ చేశా. ఎక్కడ పెట్టినా ఒకటే గోల. పావుగంట సేపు ఉన్న బటన్లన్నీ నొక్కి చూశాక, పూలకుండీలకి నీళ్ళు పోస్తున్న మా ఓనరుగారు "బాబూ, నీ కాళ్ళ కింద స్లాబులో ఇనుప చువ్వలున్నాయి" అన్నారు. ఇంజనీరింగ్ చదివిన తెలివి అట్లా ఉంది మరి :)

ఆయన భూభౌతిక శాస్త్రంలో పనిచేసి రిటైరైన మనిషి. మా పేటలో అలాంటివాళ్ళు వీధికొకరు తగులుతారు, 1961లో మొదలైన ఎన్‌జీఆర్‌ఐ ఇక్కడే ఉంది కదా. "ఊరుకో, గ్రహంబెల్ అంతటివాడు కూడా ఇదే పొరపాటు చేశాడు" అని ఓదార్చి కథ చెప్పారు.

1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద వాషింగ్టన్ రైల్వే స్టేషన్లో కాల్పులు జరిగాయి. తూటా ఒంట్లోనే ఉండిపోయింది. ఎక్స్-రేలు ఇంకా పుట్టలేదు. టెలిఫోన్ కనిపెట్టి అయిదేళ్ళే అయిన బెల్, తీగచుట్టలూ టెలిఫోన్ రిసీవరూ కలిపి ఒక పరికరం చేశాడు. లోహం దగ్గరికొస్తే చెవిలో చప్పుడు వస్తుంది. అంతర్యుద్ధంలో ఒంట్లో తూటాలు మిగిలిపోయిన పాత సైనికుల మీద పరీక్షిస్తే పనిచేసింది కూడా. జులై చివర ఒకసారి, ఆగస్టు 1న ఇంకోసారి అధ్యక్షుడి మీద ప్రయత్నించాడు. ఎక్కడపడితే అక్కడ చప్పుడే! తర్వాత తెలిసిందేంటంటే, ఆయన పడుకున్న పరుపు కింద ఉక్కు స్ప్రింగులున్నాయి. పైగా డాక్టరుగారు తూటా కుడివైపే ఉందని పట్టుబట్టి అటువైపే వెతకనిచ్చాడు, అదేమో ఎడమవైపు ఉంది. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ చనిపోయాడు.

నాకు ఈ కథలో నచ్చింది స్ప్రింగులు కాదు, తూటా. బెల్ వెతికింది సీసాన్ని. మన దగ్గర నాణేలు వెతకాలంటే ముందు వెతకాల్సిందీ సీసాన్నే. ఆ సంగతి నాకు తర్వాత తెలిసొచ్చింది.

యంత్రం సంగతి క్లుప్తంగా చెప్తా. కాయిల్‌లోంచి మారే విద్యుత్తు పోతే దాని చుట్టూ మారే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. కింద లోహం ఉంటే అందులో చిన్న చిన్న సుడి ప్రవాహాలు లేస్తాయి. అవి వెనక్కి పంపే సంకేతం కొంచెం ఆలస్యంగా వస్తుంది. ఎంత ఆలస్యం అన్నది లోహాన్ని బట్టి, దాని సైజుని బట్టి ఉంటుంది. ఆ తేడానే యంత్రం ఒక అంకెగా చూపిస్తుంది. ఇనుము అడుగున, అల్యూమినియం రేకు దానిపైన, వెండి పైపైన. "డిస్క్రిమినేషన్" అంటే ఫలానా అంకెలొస్తే నోరు మూసుకో అని యంత్రానికి చెప్పడం అన్నమాట. గ్రౌండ్ బ్యాలెన్స్ అంటే నేలలో ఉండే ఇనుప ఖనిజాల రొద తీసేయడం. కాయిల్‌ని నేలకేసి పైకీ కిందకీ ఆడిస్తూ చప్పుడు ఆగేదాకా సరిచేస్తాం. మన ఎర్రమట్టికి ఇది చేయకపోతే ఇక సెన్సిటివిటీ ఎంత పెంచినా లాభం లేదు, గోల పెరుగుతుంది అంతే. (ఇదే సూత్రంతో 2010ల్లో ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళు హెలికాప్టర్‌కి పెద్ద కాయిల్ వేలాడదీసి భూగర్భజలాలు వెతికారు. నాది దానికి మునిమనవడు.)

ఓనరుగారి పెరట్లో మట్టి మీద నాణేలు పరిచి పరీక్ష పెట్టా. మా అమ్మమ్మ ఇచ్చిన నిజాం చార్మినార్ రూపాయి ఉంది, పదకొండు గ్రాముల పైచిలుకు, అందులో నూటికి ఎనభై రెండు పాళ్ళు వెండి. గంట కొట్టినట్టు మోగింది. ఇప్పటి మన స్టీలు రూపాయి ఒకసారి ఇనుమన్నాడు, ఇంకోసారి ఏదో పెద్ద అంకె చూపించాడు. పనికిరాదు. చివర్లో సీసం. మా మామ వాళ్ళ ఊరి నుంచి తెచ్చిన పాత చేపల వల ఒకటి అటక మీద ఉంటే, దాని గుండు ఒకటి తీసి సుత్తితో చిన్న బిళ్ళలా చదును చేశా. "కాయిన్స్" అనే మోడ్‌లో పెట్టి దానిమీద ఊపితే.. నిశ్శబ్దం.

విషయం ఏంటంటే, ఆ మోడ్ తయారుచేసింది అమెరికా పార్కుల కోసం. అక్కడ కావలసింది వెండి డాలర్లూ, రాగి సెంట్లూ. అక్కర్లేనిది కూల్‌డ్రింక్ డబ్బాల రింగులు. వాళ్ళ అయిదు సెంట్ల బిళ్ళ కోసం మధ్యలో చిన్న కిటికీ వదిలి, మిగతా రింగుల అంకెలన్నీ మూసేశారు. సీసం వాహకత రాగిలో పన్నెండో వంతే. నా బిళ్ళ డబ్బా రింగుకి రెండు మూడు అంకెల తేడాలో పడి చెత్తలో కలిసిపోయింది. డిస్క్రిమినేషన్ మొత్తం తీసేసి, ఫ్రీక్వెన్సీ 5 కిలోహెర్ట్జ్ నుంచి 15కి మారిస్తే అప్పుడు పలికింది, అదీ సన్నగా.

సీసం అంటే ఎవరికి లెక్క అనుకుంటారేమో. శాతవాహనులు వెండి తక్కువగా, సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రమ లోహం ఎక్కువగా ముద్రించారు. 2024 మార్చి ఆఖర్లో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో మన పురావస్తు శాఖవాళ్ళు తవ్వుతుంటే రెండడుగుల లోతున ఒక కుండ దొరికింది. అందులో 3,730 సీసం నాణేలు. సగటున 2.3 గ్రాములు, ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలానివని చెప్పారు. విడిగా ఒక్క బిళ్ళ ఆ లోతులో ఉంటే నా యంత్రానికి అందనే అందదు.

అంతకుముందు గోదావరి ఒడ్డున కోటిలింగాల. అక్కడ దొరికిన నాణేల మీద గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప అనే పేర్లున్నాయి. వీళ్ళు శాతవాహనులకి ముందు ఇక్కడ ఏలినవాళ్ళు. ఈ పేర్లు ఏ పురాణం చెప్పలేదు, నాణేలే చెప్పాయి. అక్కడే చిముకుడి నాణేలు కూడా దొరికాయి. పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు వాటిని చదివి, ఈయన పురాణాల్లో సిముకుడే అన్నాక, శాతవాహనుల మొదలు ఎక్కడ అన్న వాదం తెలంగాణ వైపు మళ్ళింది. ఆ వాదం తేలేది నాణెం ఒక్కదానివల్ల కాదు, ఏ పొరలో, దేని పక్కన దొరికిందన్న దానివల్ల. నా యంత్రం అంకె చూపిస్తుంది గానీ పొర చూపించదు.

ఇంత తెలిశాక కూడా, ఒప్పుకోవాలి, దసరాకి దాన్ని పెద్దపల్లి వైపు మా మామ వాళ్ళ ఊరికి తీసుకెళ్ళా. ఊరి బయట వాళ్ళ చెల్క పక్కన పాటిగడ్డ ఉంది. పాత ఊరు దిబ్బ. ఎరువుకి మంచిదని తరాలుగా పాటిమన్ను తోలుకుపోతుంటే ఇప్పుడు మూడో వంతు మిగిలింది. ఇంట్లో అందరికీ సెట్టింగులు చూపిస్తూ, నేను కొట్టిన సీసం బిళ్ళ తీశా. వల గుండుతో చేశానని చెప్పా.

మామ నవ్వాడు. "అవి బిళ్ళలే ఉండె అల్లుడా. పాటిమన్నుల ఏరిన బిళ్ళలు మీ తాత కరగబోసి గుండ్లు పోసిండు. అప్పుడు గుండ్లు కొన పైసలు యాడియి?"

ఎన్ని బిళ్ళలు మామా అంటే చేత్తో శేరు కొలత చూపించాడు. వాటి మీద బొమ్మలున్నాయా? "ఏనుగో ఏదో ఉండెనట."

నాకు చాలాసేపు మాట రాలేదు. తాతని ఏమంటాం? ఆయనకి అది సీసం. బావ పక్కింటాయనకి చెత్త. నేనైతే సుత్తితో కొట్టా.

ఆ రోజు పాటిగడ్డ మీదకి యంత్రం తీసుకెళ్ళలేదు. చట్టం భయం కూడా ఉందనుకోండి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాలి, దాస్తే ఏడాది దాకా జైలు. కానీ అసలు ఆపింది ఓనరుగారు చెప్పిన ఇంకో కథ. 1992లో ఇంగ్లండులో హాక్స్‌నీ అనే ఊళ్ళో ఎరిక్ లాస్ అనే ఆయన, స్నేహితుడు పొలంలో పోగొట్టుకున్న సుత్తి కోసం డిటెక్టర్ పట్టుకెళ్ళాడు. రోమన్ నాణేలు తగిలాయి. కొంచెం తీసి, ఆపేసి, కబురు పెట్టాడు. పురావస్తువాళ్ళొచ్చి చూస్తే దాదాపు 15,000 నాణేలు, ఏ పెట్టెలో ఏది ఎలా సర్దారో సహా తెలిసింది. సుత్తి కూడా దొరికింది, అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది!

మన దగ్గరేమో ప్రభుత్వమే నిధి అనగానే ఆగలేకపోయింది. 2012లో హైదరాబాద్ విద్యారణ్య స్కూలు దగ్గర గుట్ట, 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోట. రెండుచోట్లా తవ్వారు, రెండుచోట్లా నిధి లేదు. కుండ పెంకుల కోసం ఎవరూ అంత హడావుడి చేయరు.

మొన్న మామ ఫోన్ చేశాడు. పక్క రైతు మళ్ళీ ట్రాక్టర్ పెట్టి పాటిమన్ను తోలుతున్నాడట. బిళ్ళ కనబడితే కరిగించొద్దు, ఎక్కడ దొరికిందో అక్కడ కట్టె పాతి తహశీల్దారుకి చెప్పమన్నా. "వాడు నా మాట ఇంటడా" అన్నాడు. మిగిలిన గుండ్లు వలకి ఇంకా పదిహేడు ఉన్నాయి, లెక్కపెట్టా.