రెగ్యులేషన్లు (కాకినాడ జేఎన్‌టీయూ)

ఉప్పాడకు దగ్గర్లోని కాకినాడ జేఎన్‌టీయూలో హాజరు, పరీక్షలు, క్రెడిట్లు, డిగ్రీ అర్హతలను నిర్దేశించే విద్యా నిబంధనావళి. 2008లో ప్రత్యేక విశ్వవిద్యాలయమైన ఈ సంస్థలో అమలైన ఏడాదిని బట్టి వీటిని ఆర్16, ఆర్19, ఆర్20, ఆర్23 అంటారు. పరీక్షల నోటిఫికేషన్‌లో విద్యార్థి మొదట వెతికేది ఈ అంకెనే.

సిలబస్‌ను ఆయా శాఖల బోర్డ్ ఆఫ్ స్టడీస్ రూపొందిస్తుంది. విద్యా విషయాల్లో ఆమోదం అకడమిక్ సెనేట్‌ది. మార్పుకు ప్రేరణ తరచూ పైనుంచే వస్తుంది. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) 2018 నమూనా పాఠ్యప్రణాళిక బీటెక్‌ను 160 క్రెడిట్లకు కుదించింది. ఆర్20లో అదనంగా 20 క్రెడిట్లతో ఆనర్స్, మైనర్ డిగ్రీలు చేరాయి.

కొత్త నిబంధనలు కొత్త బ్యాచ్‌కే వర్తిస్తాయి. చేరిన నాటి షరతులు మామూలుగా మధ్యలో మారవు. ఈ ఏర్పాటులో అన్నిటికన్నా న్యాయమైన అంశం ఇదే. చిక్కంతా హాజరు లేదా క్రెడిట్లు చాలక డిటెయిన్ అయినవారిది. తిరిగి చేరేసరికి రెగ్యులేషన్ మారితే జూనియర్ల రెగ్యులేషన్‌లోకి వెళ్లి, తాము చదవని సబ్జెక్టులు రాయాలి. మగ్గం మీద బతికే ఉప్పాడ ఇంటికి అదనపు సెమిస్టర్ పెద్ద భారం. అందుకే ఏ పాత సబ్జెక్టుకు ఏది సమానమో ముందే ప్రకటించి తీరాలి.

స్వయంప్రతిపత్తి కళాశాలలు సొంత రెగ్యులేషన్లు రూపొందించుకుంటాయి. డిగ్రీ మాత్రం విశ్వవిద్యాలయమే ఇస్తుంది.