తడి, గుడ్డ, తల్లి: కృష్ణా డెల్టాలో పసిపిల్లల ఒరిపిడి పుండ్లకు గృహచికిత్స – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

పసిపిల్లల తొడలు, పిరుదుల మధ్య చర్మం మలమూత్రాల తడికి ఎర్రబారి పుండుపడటం ప్రతి ఇంటా కనిపించే బాధ. నేడు దీనిని ‘డైపర్ రాష్’ అంటున్నారు. డైపర్లు రాకముందు కూడా ఈ బాధ ఉంది. దానికి పేర్లు, చికిత్సలు, నిందలు కూడా ఉన్నాయి. విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంతపు గృహాచారాలను ఆయుర్వేద గ్రంథాలతోనూ, 20వ శతాబ్ది వైద్య పరిశోధనలతోనూ పోల్చి చూడటం ఈ వ్యాస ఉద్దేశం. ఈ సంరక్షణకు ఆధారం పూతమందు కంటే గుడ్డ మార్చే వేళ, ఉతికే నీరు, ఉతికే చేతులు అని, ఆ శ్రమను గుర్తించకపోవడం వల్లనే నేరం తల్లిపై పడుతూ వచ్చిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: శిశుసంరక్షణ, అహిపూతన, పొత్తిగుడ్డలు, చాకిరేవు, గృహవైద్యం, కృష్ణా డెల్టా.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట గృహవైద్యాన్ని గురించి వెలువడిన రచనలు ఎక్కువగా మూలికల పట్టికలుగా ఉంటాయి. ఏ ఆకు ఏ రోగానికి పనికివస్తుందో అవి చెబుతాయి. ఆ ఆకు తెచ్చినదెవరు, నీళ్లు కాచినదెవరు, రాత్రి ఎన్నిసార్లు లేచి గుడ్డ మార్చారు అన్న ప్రశ్నలకు వాటిలో చోటు తక్కువ. పసిపిల్లల ఒరిపిడి వంటి చిన్న బాధ విషయంలో ఈ ప్రశ్నలే ముఖ్యమైనవి. ఎందుకంటే ఈ బాధకు మందు కంటే ముందు కావలసింది పొడి గుడ్డ.

‘ఒరయు’ ధాతువుకు రాసుకొను, తాకు అని అర్థాలు. బిడ్డ తొడలు ‘ఒరుసుకుపోయాయి’ అనే మాట డెల్టా పల్లెల్లో సహజంగా వినిపిస్తుంది. వానకారులో బురదచేలల్లో నాట్లు వేసే స్త్రీల కాలివేళ్ల సందులు పాసిపోయినప్పుడు కూడా ఇదే మాట వాడతారు. తడి, రాపిడి, గాలి ఆడకపోవడం – ఈ మూడూ కలిస్తే చర్మం దెబ్బతింటుందన్న అనుభవం ఆ ఒక్క క్రియలో ఇమిడి ఉంది.

2. శాస్త్రగ్రంథాలలో అహిపూతన

సుశ్రుతసంహిత నిదానస్థానంలో క్షుద్రరోగాలను వివరించే అధ్యాయంలో ‘అహిపూతన’ అనే శిశురోగం ప్రస్తావన ఉంది. మలమూత్రాలు అంటిన బిడ్డ గుదభాగాన్ని కడగకపోయినా, చెమట పట్టిన బిడ్డకు స్నానం చేయించకపోయినా రక్తకఫాల వల్ల దురద పుడుతుందని, గోకినకొద్దీ పొక్కులు లేచి రసి కారుతుందని, అవి ఒకటిగా కలిసి పుండవుతాయని అక్కడి వివరణ. క్షుద్రరోగం అన్న వర్గీకరణ కూడా గమనించదగినది. ప్రాణాంతకం కాకపోయినా గ్రంథంలో చోటుచేసుకొనేంతటి బాధ అది.

అష్టాంగహృదయం ఉత్తరస్థానంలో వాగ్భటుడు దీనిని మలలేపం వల్లగాని చెమట వల్లగాని పుట్టే రాగిరంగు పుండుగా వర్ణించాడు. దానికి వాడుకలో ఉన్న పేర్లను కూడా వరుసగా పేర్కొన్నాడు: మాతృకాదోషం, అహిపూతన, పృష్ఠారువు, గుదకుట్టం, అనామికం. చికిత్సను పాలిచ్చే స్త్రీ పాలను శోధించడంతో మొదలుపెట్టాడు.

ఈ పేర్లలో మొదటిది ఈ వ్యాసానికి ముఖ్యమైన ఆధారం. కారణం బిడ్డ ఒంటిమీది తడిలో ఉందని వివరించిన సంప్రదాయంలోనే రోగానికి ‘తల్లి దోషం’ అన్న పేరు కూడా నిలిచింది. బాలింత పథ్యం తప్పితే బిడ్డకు ‘చేస్తుంద’నే నమ్మకం తెలుగు ఇళ్లలో ఇప్పటికీ బలంగా ఉంది. బిడ్డ పిరుదులు ఎర్రబారితే తల్లి ఏమి తిన్నదని అడగడం ఆ నమ్మకానికి కొనసాగింపే.

3. డెల్టా: నీరు, వాతావరణం

విజయవాడ వద్ద కృష్ణపై 1852లో మొదలైన ఆనకట్ట నిర్మాణం 1855 నాటికి పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ అందుబాటులోకి వచ్చింది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ నగరం మధ్య నుండే సాగుతాయి. ఆనకట్ట చరిత్రను వరిసాగుతోనూ, పడవ ప్రయాణంతోనూ ముడిపెట్టి చెప్పడం పరిపాటి. కాలువగట్టున ఏర్పడిన చాకిరేవులను కూడా ఆ చరిత్రలో చేర్చాలి. సాగునీరు ఉతుకునీరు కూడా అయింది.

అయితే ఆ నీరు ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఊరి చెరువే దిక్కు. వానకారులో నీటికి లోటు లేకపోయినా గుడ్డలు ఆరవు. రోహిణికార్తె ఎండలో చెమట, ఆపైన వానల తేమ – ఈ రెండు కాలాలూ పసిబిడ్డ చర్మానికి పరీక్షే. దండెం మీద ఆరని గుడ్డలను కుంపటిపై బోర్లించిన బుట్ట మీద పరచి ఆరబెట్టడం ఈ పరిస్థితి నేర్పిన ఉపాయం.

4. పొత్తిగుడ్డలు, ఉతికిన చేతులు

పురుడు వెళ్లేవరకు బిడ్డకు కొత్తబట్ట కట్టకపోవడం చాలా తెలుగు కుటుంబాల ఆచారం. నాయనమ్మ, అమ్మమ్మల పాత నూలుచీరలను చింపి పొత్తిగుడ్డలు, గోచీగుడ్డలు చేస్తారు. ఆచారానికి చెప్పుకొనే కారణం ఏదైనా ఫలితం మాత్రం స్పష్టం. మంగళగిరి, పెడన వంటి నేతకేంద్రాల నుండి వచ్చిన నూలుచీర ఏళ్లతరబడి ఉతుకులు తిని గంజి, బిరుసు పోయి మెత్తబడుతుంది. తడిని పీల్చుకొంటుంది, గాలిని ఆడనిస్తుంది. బిడ్డను కొంతసేపు గోచీ లేకుండా నులకమంచం మీదనో, చీర ఉయ్యాలలోనో పడుకోబెట్టే అలవాటు కూడా చర్మానికి గాలి తగిలే అవకాశమిచ్చింది.

ఈ గుడ్డలు ఉతకడంలో కులవ్యవస్థ స్పష్టంగా కనిపిస్తుంది. మైలగా భావించిన పురిటిగుడ్డలను చాకలి స్త్రీ తీసుకుపోయేది. కళ్లంలో ఇచ్చే మేర ఆమె కుటుంబానికి ప్రతిఫలం. బొడ్డు కోసిన మంత్రసానికీ అదే తీరున దక్కేది. పురుడు వెళ్లాక రోజువారీ గుడ్డల పని ఇంటి స్త్రీలది, పెద్ద ఆడపిల్లలది. శిశుసంరక్షణ అని గౌరవంగా చెప్పుకొనే దానిలో పెద్దభాగం అగౌరవంగా చూసిన ఈ శ్రమే.

ఉతికే పద్ధతికి, బిడ్డ చర్మానికి నేరుగా సంబంధం ఉంది. చవుడు మట్టిలో క్షారగుణం ఉంటుంది. బానలో చవుడుతో ఉడికించిన గుడ్డ శుభ్రపడుతుంది గాని, బాగా జాడించకపోతే క్షారం నూలులో నిలిచిపోతుంది, సబ్బుకూ అంతే. పారే కాలువలో జాడించిన గుడ్డకు, నీరు లాగిన చెరువులో ముంచితీసిన గుడ్డకు ఉన్న తేడా ఇక్కడే. ఇంటింటా తగినంత నీరు లేని కాలంలో ఆ తేడా తల్లి చేతిలో లేదు.

5. పూతలు, కషాయాలు

స్నానానంతరం ఆముదం లేదా కొబ్బరినూనె రాయడం, ఒరిసినచోట వెన్న పూయడం, వేపాకు కాచిన నీటితో కడగడం, పసుపు అద్దడం, సాంబ్రాణి పొగ పట్టడం ఈ ప్రాంతపు ఇళ్లలో ప్రసిద్ధాలు. విజయవాడలో డాక్టర్ నోరి రామశాస్త్రి పేరిట ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. గ్రంథస్థ వైద్యానికి, గృహవైద్యానికి మధ్య రాకపోకలు ఈ నగరానికి కొత్త కాదు.

వీటన్నింటినీ ఒకే గాటకట్టి పొగడటం సరికాదు. నూనెపూత తడికి, చర్మానికి మధ్య పొరగా నిలుస్తుంది. నేటి వైద్యులు సూచించే పెట్రోలియం జెల్లీ, జింక్ ఆక్సైడ్ లేపనాలు చేసేదీ ఆ పనే. గోరువెచ్చని నీటితో కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టడం నేటికీ మొదటి సూచన. కాని పగిలిన చర్మంపై నాటుపసుపు మంట పెడుతుంది. పొగ పసిబిడ్డ ఊపిరికి మంచిది కాదు. ఆధునికమని నమ్మి వాడినవీ కీడు చేశాయి. ఒకప్పుడు ఒరిసిన చర్మంపై చల్లిన బోరిక్ పౌడరు ఒంట్లోకి ఇంకి శిశుమరణాలకు దారితీసిందని 1950లలో పాశ్చాత్య వైద్యులు గుర్తించి హెచ్చరించారు. 19వ శతాబ్ది చివర అమెరికాలో మొదలై భారతీయ ఇళ్లలో శిశుసంరక్షణకు మారుపేరైన టాల్కం ఆధారిత బేబీ పౌడరును ప్రపంచమంతటా నిలిపివేస్తున్నట్లు 2022లో దాని తయారీసంస్థే ప్రకటించింది.

6. నిందకు శాస్త్రం తోడు

20వ శతాబ్ది తొలినాళ్లలో తల్లుల శిక్షణ ఒక ఉద్యమంగా సాగింది. 1920లలో దేశంలో శిశువారోత్సవాలు జరిగాయి. 1928లో డాక్టర్ కె. ఎన్. కేసరి మద్రాసు నుండి ‘గృహలక్ష్మి’ పత్రికను ప్రారంభించారు. ఆరోగ్యజ్ఞానం అచ్చులో స్త్రీలకు చేరడం నిస్సందేహంగా మేలు. అయితే శిశువారోత్సవాల వంటి ప్రచారాలలో శిశురోగాలకు మూలం తల్లి అజ్ఞానమన్న ధోరణి బలంగా ఉండేది. నీరు, తీరిక, ఉతికే మనిషి ఉన్న ఇంటికీ, నాట్లకు వెళ్లి పొద్దుగూకాక తిరిగివచ్చే తల్లి ఇంటికీ ఒకే సలహా చెప్పడం దాని పరిమితి.

వైద్యశాస్త్రం కూడా చాలాకాలం గుడ్డనే తప్పుపట్టింది. మూత్రం కుళ్లి పుట్టే అమ్మోనియా ఈ పుండుకు కారణమని 1921లో కుక్ అనే అమెరికన్ వైద్యుడు ప్రతిపాదించాడు. గుడ్డలను క్రిమినాశకాలలో ముంచే పద్ధతి దానితో బలపడింది. 1977లో లేడెన్, ఆయన సహచరులు జరిపిన పరిశోధనలో పుండు ఉన్న బిడ్డలకూ లేని బిడ్డలకూ అమ్మోనియాలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. 1986లో బెర్గ్, ఆయన సహచరులు మూత్రం వల్ల క్షారత పెరిగి మలంలోని ఎంజైములు చురుకై చర్మాన్ని దెబ్బతీస్తాయని చూపారు. అంటే మలం, మూత్రం కలిసి నిలిచి ఉండే సమయమే కీలకం. సుశ్రుతసంహిత కూడా మలమూత్రాలను జంటగానే పేర్కొంది. అంతమాత్రాన ప్రాచీనులకు ఎంజైములు తెలుసునని వాదించనక్కరలేదు. వారు చూసినది జాగ్రత్తగా చూశారనడం చాలు.

7. డైపర్ల కాలం

భారత మార్కెట్లో 1990ల నుండి విస్తరించిన డైపర్లు విజయవాడ వంటి నగరాలలో ఉద్యోగినులకు, నీటికొరత ఉన్న అపార్ట్‌మెంట్లకు, ఒంటరి చిన్న కుటుంబాలకు పెద్ద ఊరట. తడిని బాగా పీల్చే నేటి డైపరు సకాలంలో మారిస్తే తడిగుడ్డ కంటే మేలు చేస్తుంది. చిక్కు ఎక్కడంటే, తడిగుడ్డ బిడ్డను ఏడిపించి తనను మార్చమని చెబుతుంది. పొడిగా తోచే డైపరు అలా చెప్పదు. వెలకు భయపడి ఒక్కదానినే గంటలతరబడి ఉంచే ఇళ్లలో పాతబాధ కొత్తపేరుతో తిరిగివస్తుంది. అప్పుడు ‘మా కాలంలో ఇవి లేవు’ అన్న పెద్దల మాట, ‘ఇంత నిర్లక్ష్యమా’ అన్న మందలింపు రెండూ తల్లికే తగులుతాయి.

పోయిందనుకొన్న ఉతుకుపని కూడా పూర్తిగా పోలేదు, చేతులు మారింది. 2016 ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు వాడిన డైపర్లను చుట్టి విడిగా ఇవ్వాలని, అందుకు తయారీదారులు సంచులు సమకూర్చాలని నిర్దేశించాయి. సంచి లేకుండా వచ్చిన డైపరును వేరుచేసేది పారిశుద్ధ్య కార్మికురాలే. పురిటిగుడ్డలు మోసిన చాకలి స్త్రీ స్థానంలో నేడు ఆమె ఉంది.

2011లో మొదలైన గృహ ఆధారిత నవజాత శిశుసంరక్షణ పథకం కింద ఆశా కార్యకర్త బాలింత ఇంటికి వెళ్లి బిడ్డను చూస్తుంది. నింద మోపకుండా చూపించి చెప్పగల మనిషి గడపలోకి రావడం ఈ చరిత్రలో నిజమైన మార్పు. చర్మపు మడతల్లోకి వ్యాపించే ఎరుపు, చుట్టూ చిన్న పొక్కులు, చీము, జ్వరం కనిపించినా, రెండుమూడు రోజుల్లో తగ్గకపోయినా అది గృహవైద్యం దాటిన స్థితి అని గుర్తించడానికి ఆ రాక తోడ్పడగలదు.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి: పసిపిల్లల ఒరిపిడి డైపర్లతో పుట్టినది కాదు, శాస్త్రగ్రంథాలలోనూ, డెల్టా వ్యవహారంలోనూ దానికి దీర్ఘచరిత్ర ఉంది. గృహచికిత్సలో నిలిచిన సారం కడగడం, ఆరబెట్టడం, గాలి తగలనివ్వడం, నూనెపొర, తరచు మార్చడం; తక్కినవాటిని ఒక్కొక్కటిగా పరీక్షించాలి. ఆ సారాన్ని సాధ్యం చేసినవి కాలువనీరు, పాత నూలుగుడ్డ, స్త్రీల శ్రమ, కులాధారిత సేవ. ఇవి మారినప్పుడల్లా చికిత్స మారింది గాని, ‘మాతృకాదోషం’ అన్న తీర్పు మారలేదు. తెలుగు గృహవైద్య చరిత్రను మూలికల చరిత్రగానే గాక శ్రమ చరిత్రగా కూడా రాసినప్పుడు ఆ తీర్పును పునఃపరిశీలించే వీలు కలుగుతుంది. పురిటిపాటలు, సామెతలు, మంత్రసానుల, రజక స్త్రీల మౌఖిక కథనాలు అందుకు ఆధారాలు. ఆ పని తెలిసిన తరం వృద్ధాప్యంలో ఉంది గనుక వాటి సేకరణ ఆలస్యం చేయదగినది కాదు.