ఖాళీ తూటాల సాక్ష్యం

తుపాకీ పేలితే గుండు ఎటు పోయిందో చూస్తాం. ఎవరికి తగిలింది, ఎంతమంది పోయారు అని లెక్కేస్తాం. పేల్చినవాడి కాళ్ళ దగ్గర పడిన ఖాళీ డొప్పను పట్టించుకోం. ఈ భాగమంతా ఆ డొప్ప గురించే. ఒక దేశం వందేళ్ళు గోడలకు తగిలించుకున్న కథను ఈ డొప్పలే కదిలించాయి.

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ముందు గుండు, లోపల మందు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్. ఈ మూడింటినీ పట్టి ఉంచేది డొప్ప. పేలాక మళ్ళీ పనికొచ్చేది ఆ డొప్ప ఒక్కటే. అమెరికాలో పిస్తోలు కాల్చడం సరదాగా పెట్టుకున్నవాళ్ళు వీటిని ఏరి తెచ్చుకుని ఇంట్లో కూర్చుని వేరుచేస్తారు. అయస్కాంతం పెట్టి ఇనుపవి తీసేస్తారు. అల్యూమినియంవి పక్కన పడేస్తారు. అడుగున కొట్టిన ముద్ర చదివి సైజువారీగా కుప్పలు పోస్తారు. లోపల మధ్యలో ఒకే రంధ్రం ఉంటే ఉంచుకుంటారు, పాత ప్రైమర్‌ను పొడిచి తీయడం తేలిక కాబట్టి. మూతి చీలినవీ, అడుగు ఉబ్బినవీ చెత్తలోకి పోతాయి. మిగిలినవాటిని శుభ్రం చేసి కొత్త ప్రైమర్, మందు, గుండు పెట్టి మళ్ళీ వాడతారు.

ఆ వేరుచేసే పనిలో వాళ్ళ కళ్ళముందే ఇంకో విషయం ఉంటుంది. ప్రైమర్ మీద చిన్న గుంట. ఫైరింగ్ పిన్ కొట్టిన దెబ్బ అది. ఏ తుపాకీ దెబ్బ దానిదే. అంటే ప్రతి డొప్పా తనను పేల్చిన తుపాకీ గుర్తును మోస్తూనే ఉంటుంది.

ఇప్పుడు మోంటానాలోని లిటిల్ బిగ్‌హార్న్ నది ఒడ్డుకు వెళ్దాం. 1876 జూన్ 25. 1868 ఒప్పందంలో బ్లాక్ హిల్స్ లకోటా ప్రజలవేనని అమెరికా ప్రభుత్వం సంతకం పెట్టింది. 1874లో జార్జ్ కస్టర్ దండుతో వెళ్ళి అక్కడ బంగారం ఉందని చాటాడు. ఇంకేముంది, ఒప్పందం చిత్తుకాగితం అయింది. భూమి వదలమన్నవాళ్ళ మీదికి సైన్యం వెళ్ళింది. మన పాఠ్యపుస్తకాలు రెడ్ ఇండియన్లు అని పిలిచిన లకోటా, షయాన్, అరాపహో ప్రజలు తిరగబడ్డారు. కస్టర్ వెంట ఉన్న అయిదు కంపెనీల్లో, దాదాపు 210 మందిలో, ఒక్కడూ మిగల్లేదు.

ఓడిపోయినవాళ్ళే కథ రాసుకున్నారు. కొండమీద కస్టర్ చివరి క్షణం వరకూ వీరోచితంగా నిలబడ్డాడట. చుట్టూ సైనికులు వరసలు కట్టి ప్రాణాలిచ్చారట. 1896 నుంచి ఆన్‌హైజర్-బుష్ అనే బీరు కంపెనీ ఆ బొమ్మను అచ్చేసి సారాకొట్లన్నిటికీ పంచింది. తాగేవాడికి గ్లాసుతోపాటు చరిత్ర కూడా దొరికింది.

మరి చూసినవాళ్ళే లేరా? వేలమంది ఉన్నారు. 1881లో రెడ్ హార్స్ అనే లకోటా యోధుడు ఆ యుద్ధాన్ని వరసగా బొమ్మలు గీసి ఇచ్చాడు. 1886లో గాల్ అనే నాయకుడు అదే నేలమీద నడుస్తూ ఎక్కడ ఏం జరిగిందో చూపించాడు. 1898లో షయాన్ నాయకుడు టూ మూన్ చెప్పింది పత్రికలో అచ్చయింది. సైనికుల వరసలు విరిగిపోయాయనీ, భయంతో గుంపులుగా చెదిరి పరిగెత్తారనీ వీళ్ళలో చాలామంది చెప్పారు. పండితులు ఏమన్నారు? ఒకరి మాటకు ఒకరి మాట పొంతన లేదన్నారు. కాలం లెక్క తెలియదన్నారు. నోటిమాట చరిత్ర కాదన్నారు.

1983లో గడ్డి అంటుకుని ఆ కొండలు కాలిపోయాయి. నేల బయటపడింది. 1984, 1985లో డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ అనే పురావస్తు శాస్త్రవేత్తలు మెటల్ డిటెక్టర్లు పట్టుకున్న వలంటీర్లతో నేలంతా వెతికారు. ప్రతి డొప్ప దగ్గరా గుర్తు పాతి, అది పడిన చోటును కొలిచి రాశారు. తర్వాత వేరుచేయడం మొదలైంది. ఒకే పిన్ను కొట్టిన డొప్పలన్నిటినీ మైక్రోస్కోపు కింద ఒకచోట చేర్చారు. ఒక తుపాకీ ఇక్కడ పేలింది, కాసేపటికి అక్కడ పేలింది. నూరేళ్ళ కిందట ఒక మనిషి నడిచిన దారి నేలమీద తేలింది.

ఏం తేలింది? ఆదివాసుల చేతుల్లో 40కి పైగా రకాల తుపాకులున్నాయి. వాటిలో వెంటవెంటనే కాల్చగల హెన్రీ, వించెస్టర్లు కూడా ఉన్నాయి. సైనికుడి కార్బైన్‌లో ఒక్కసారికి ఒక్క తూటానే. కాల్హౌన్ గుట్ట మీద సైనికుల డొప్పలు వరసగా ఎడం ఎడంగా పడి ఉన్నాయి, అంటే అక్కడ కాసేపు క్రమంగా నిలబడ్డారు. ఆ తర్వాత ఆ వరస కనిపించదు. గట్టిగా పోరాడిన ఆనవాలు పల్చబడిపోయింది. చివరి కొండమీద వస్తువులను నూరేళ్ళుగా యాత్రికులు ఏరుకుపోయారు, ఆ సంగతీ లెక్కలోకి తీసుకోవాలి. అయినా మొత్తం నేల చెప్పిన కథ బీరు బొమ్మ కథకు దూరంగా, గాల్, టూ మూన్‌ల మాటకు దగ్గరగా నిలిచింది.

ఇంకో సంగతి. ఆనాటి సైన్యం తూటా డొప్ప రాగిది, ప్రైమర్ లోపలే బిగించి ఉండేది. పేలాక ఇక పనికిరాదు, సైనికుడు పారేసేవాడు. యుద్ధమైన కొన్ని వారాలకే, 1876 ఆగస్టులో, ఆదివాసులకు తూటాలు అందకుండా చూడాలని అమెరికన్ కాంగ్రెస్ తీర్మానం చేసింది. కొనడానికి దారి లేనివాళ్ళు డొప్పను ఎందుకు పారేస్తారు? అడుగున రంధ్రం చేసి, చిన్న పెర్కషన్ క్యాప్ దూర్చి, మందు నింపి మళ్ళీ వాడేవాళ్ళని రిచర్డ్ డాడ్జ్ అనే సైనికాధికారే రాశాడు. ఈనాటి సరదా ఆనాడు బతుకుతెరువు. అంత పనితనం ఉన్నవాళ్ళకే కాలం లెక్క తెలియదన్నారు.

నా ప్రశ్న ఒక్కటే. డొప్పలు మాట్లాడాయి, మంచిదే. స్కాట్, ఫాక్స్‌ల పని గొప్పదే, వాళ్ళు ఆదివాసుల మాటల్ని పక్కన పెట్టుకునే నేలను చదివారు. కానీ మనుషులు బతికుండి, చేత్తో చూపించి, బొమ్మ గీసి చెప్పినప్పుడు నమ్మనివాళ్ళు, లోహం ముక్క చెప్పాక ఎందుకు నమ్మారు? సాక్ష్యం లేక కాదు. సాక్షి ఎవరన్నది చూసి.

1991లో ఆ స్థలానికి కస్టర్ పేరు తీసేసి లిటిల్ బిగ్‌హార్న్ పేరు పెట్టారు. 2003లో ఆదివాసుల స్మారకం వచ్చింది. బ్లాక్ హిల్స్‌ను అన్యాయంగా తీసుకున్నారని, వడ్డీతో కలిపి 10 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వాలని 1980లోనే అక్కడి సుప్రీంకోర్టు ఒప్పుకుంది. లకోటా ప్రజలు ఆ డబ్బు ముట్టుకోలేదు. భూమి ఇవ్వమన్నారు. ఇప్పటికీ అదే మాట.

వాళ్ళు ఏం కోరుతున్నారో తెలుసుకోవడానికి ఏ మైక్రోస్కోపూ అక్కర్లేదు. వింటే చాలు.