ఇంట్లోనే ఉండండి, ఇల్లొదిలి పొండి

2020 మే 7. అర్ధరాత్రి కావస్తోంది. మీరు విశాఖలో, గోపాలపట్నం మెయిన్ రోడ్డు మీద ఉన్నారు. పైన బుద్ధపూర్ణిమ చంద్రుడు. మొన్నటిదాకా ఇక్కడ బండి తీస్తే లాఠీ దెబ్బ పడేది. ఇప్పుడు అదే పోలీసు చెయ్యి ఊపుతూ ‘ఆగొద్దు, పోండి పోండి’ అంటున్నాడు.

‘మళ్లీ లీకయిపోనాదంట! ఎల్లిపోండర్రా!’

అరిచిందెవరో తెలీదు. ఒకే స్కూటీ మీద నలుగురు. ముందు నిలబడ్డ పిల్లాడి మూతికి తడి చున్నీ. వెనక కూర్చున్నావిడ చేతిలో ఫోను ఆరడం లేదు. పొద్దుట్నుంచీ అదే వీడియో: వెంకటాపురం వీధిలో నడుస్తూ నడుస్తూ కూలిపోతున్న మనుషులు. లాక్‌డౌన్‌లో మూతబడ్డ ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో నిల్వ ఉన్న స్టైరీన్ రసాయనం వేడెక్కి, తెల్లవారుజామున మూడింటప్పుడు ఆవిరై ఊరి మీద పడింది. పన్నెండు మంది పోయారు.

మార్చి 22 జనతా కర్ఫ్యూ నాటి నుంచి టీవీ మీకు ఒకటే పాఠం చెప్పింది: గడప దాటితే చావు. తెర మీద కరోనా ముళ్లబంతి తిరుగుతూనే ఉండేది. నగరంలో మొదటి కేసు అల్లిపురంలో బయటపడ్డాక, ఆ వైపు నుంచి వచ్చిన చుట్టాన్ని కూడా మీరు వీధిలోనే నిలబెట్టి మాట్లాడారు. ఈ రాత్రి అదే టీవీ, అదే ఎర్ర పట్టీ, గడప లోపలుంటే చావంటోంది. ముక్కూమొహం తెలియని ఎనిమిది మంది మధ్య మీరు ఆటోలో ఇరుక్కున్నారు. ఆరడుగుల దూరం ఎవరికీ గుర్తులేదు.

పక్కన ఓ పెద్దాయన మాస్కు గడ్డం కిందకి లాగి గాలి పీల్చాడు. స్టైరీన్ కొంచెమున్నా ముక్కుకు తెలిసిపోతుంది.

‘నాకేటీ వాసన్రాట్లేదురా.’

‘టీవీలో ఏస్తన్నారు కదా నాన్నా!’

పెద్దాయన మాస్కు పైకి లాక్కున్నాడు. వాదన అయిపోయింది.

వీళ్లని వెర్రివాళ్లనడానికి నాకు నోరు రాదు. ముందురోజు ఏ చప్పుడూ లేదని పడుకున్నవాళ్లే కదా పోయింది! ముప్పై ఆరు చోట్ల మీట నొక్కే వీలున్నా ఫ్యాక్టరీ సైరన్ మోగలేదని హైపవర్ కమిటీ జులైలో తేల్చింది. మోగాల్సింది మోగనప్పుడు జేబులో మోగేదాన్నే నమ్ముతాం. అది రోజుకి వందసార్లు మోగేదైనా సరే.

ఎన్ఏడీ జంక్షన్ దగ్గర, ఇంకా పూర్తికాని ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్ ఆగింది. రెండోసారి లీక్ కాలేదనీ, ముందు జాగ్రత్తకే ఖాళీ చేయించమన్నామనీ కంపెనీ మాట. అది ఇంకా ఈ రోడ్డు దాకా రాలేదు. మైకు పట్టుకున్న కుర్రాడొకడు ఆటోలోకి వంగాడు.

‘సార్, అక్కడ పరిస్థితి ఎలా ఉంది?’

‘నువ్వే సెప్పాల బాబూ,’ అన్నాడు పెద్దాయన. ‘మీ టీవీ సూసే బయల్దేరినాం.’