నడిగడ్డ

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నేల నడిగడ్డ. గద్వాల, అలంపూర్, మానవపాడు అన్నీ ఈ మాట కిందికే వస్తాయి. ‘గడ్డ’ చిత్రమైన మాట. మట్టిపెళ్ల గడ్డే, నది ఒడ్డూ గడ్డే, దుంపా గడ్డే (కోస్తావాళ్ల ఉల్లిపాయ ఇక్కడ ఉల్లిగడ్డ). అన్నీ దాటి చివరికి పుట్టిన నేల కూడా గడ్డే అయింది.

ఈ నేల కదలకుండానే చాలా చిరునామాలు మార్చింది. 1956 దాకా గద్వాల, అలంపూర్ తాలూకాలు హైదరాబాదు రాష్ట్రపు రాయచూరు జిల్లావి. రాయచూరు మైసూరు రాష్ట్రానికి పోతే ఇవి మహబూబ్‌నగర్‌లో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. 2014లో తెలంగాణ, 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల జిల్లా. ఇన్ని మారినా నడిగడ్డ నడిగడ్డగానే ఉంది.

మనుషులు మాత్రం నిజంగానే కదిలారు. పాత పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా నుంచి, కూలీలను కూడగట్టే గుంపుమేస్త్రీ వెంట ఆనకట్టల పనులకు, తర్వాత హైదరాబాదు, ముంబయి కట్టడాలకు పోయారు. అక్కడ వాళ్లకు పడ్డ పేరు ‘పాలమూరు లేబర్’. అది పని చేయించుకున్నవాళ్లు పెట్టింది. మీది ఏ ఊరని తమలో తాము అడిగితే ఇక్కడివాళ్లు ఇచ్చే జవాబు మాత్రం ‘మాది నడిగడ్డ’. ఏ జిల్లా కాగితంలోనూ లేని ఈ పేరే నాకు ఎక్కువ నమ్మకమైనదిగా తోస్తుంది.

రెండు నదుల నడుమ ఉండీ వలస ఎందుకంటారా? తుంగభద్ర నీళ్లను తెచ్చే రాజోలిబండ మళ్లింపు పథకం కింద కాగితం మీద 87,500 ఎకరాలున్నాయి. కాలువ చివరనున్న మానవపాడు, అలంపూర్ పొలాలకు ఆ నీళ్లు సరిగా అందలేదు.